హాస్పిటల్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తే 4 క్రెడిట్లు వస్తాయా? ఎవర్ని అడగాలి?

మైక్రో_పిల్ల | మే 10, రాత్రి 10:12

అందరికీ నమస్తే. మాది విజయనగరం జిల్లా, బీఎస్సీ మైక్రోబయాలజీ, నాలుగో సెమ్ ఎగ్జామ్స్ మొన్ననే అయిపోయాయి. ఇప్పుడు సమ్మర్‌లో షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్ చెయ్యాలి కదా, 180 గంటలు, 4 క్రెడిట్లు (డిగ్రీ లెక్కలో కలిసే పాయింట్లు). కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడేశారు, ఆన్‌లైన్‌లో వర్చువల్ ఇంటర్న్‌షిప్ చెయ్యండి లేదా మీరే ఎక్కడైనా చూసుకోండి అని. అంతే. నాకేమో హాస్పిటల్ ల్యాబ్‌లో చెయ్యాలని ఉంది. రెండేళ్లుగా గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి చూసే బ్యాక్టీరియా) బొమ్మలు రికార్డులో వెయ్యడమే గానీ మా ల్యాబ్‌లో మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్లాలంటే పదిమంది లైను.

నాన్నకి తెలిసినాయన టౌన్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో పనిచేస్తాడు. ఆయన్ని అడిగితే అమ్మాయి రానక్కర్లేదు, 6 వేలు కట్టండి, సర్టిఫికెట్, లాగ్‌బుక్ సంతకాలు అన్నీ మేమే చూసుకుంటాం అన్నాడట. అమ్మ అయితే కట్టేద్దాం, ఈ ఎండల్లో తిరిగే బాధ తప్పుతుంది అంటోంది. నాకు మనసు ఒప్పట్లేదు. గవర్నమెంట్ హాస్పిటల్ వాళ్లు మాలాంటి మామూలు డిగ్రీ వాళ్లని రానిస్తారా? ఎవర్ని కలవాలి? అసలు క్రెడిట్లు ఇచ్చేది హాస్పిటలా యూనివర్సిటీయా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బద్ధకరాజు | మే 10, రాత్రి 10:31

కట్టేయ్ చెల్లీ, సమ్మర్ ఎంజాయ్ చెయ్. మా బ్యాచ్‌లో సగం మంది అదే చేశారు, ఎవడూ అడగలేదు.

ల్యాబ్_మావయ్య | మే 10, రాత్రి 11:05

అమ్మా, నేను గవర్నమెంట్ హాస్పిటల్లో ల్యాబ్ టెక్నీషియన్ని, సర్వీసు 18 ఏళ్లు. మా దగ్గరికి ప్రతి ఏడాదీ డిగ్రీ పిల్లలు వస్తారు, రానివ్వకపోవడం ఏమీ ఉండదు. కాకపోతే "అన్నా నేను రేపట్నించి వస్తా" అని చేతులూపుకుంటూ వస్తే నేనేం చెయ్యలేను, నాకు కాగితం కావాలి. కాగితం ప్రిన్సిపాల్ నుంచి మా సూపరింటెండెంట్‌కి రావాలి, ఆయన దానిమీద రాసి మా ల్యాబ్ ఇన్‌ఛార్జ్‌కి పంపాలి. ఆ ఒక్క సంతకం లేకుండా లోపల ఏదైనా జరిగితే నా ఉద్యోగం మీదికొస్తుంది.

ఒక మాట ముందే చెప్తున్నా. వచ్చిన మొదటి రోజే సిరంజి చేతికిస్తారనుకోకు. పేషెంటు దగ్గర బ్లడ్ తియ్యడం నీ పని కాదు, చూడ్డం వరకే. రిజిస్టర్ రాయడం, ట్యూబులకి నంబర్లెయ్యడం, సెంట్రిఫ్యూజ్ తిప్పడం, స్మియర్లు వెయ్యడం, స్టెయినింగ్, ఇవే నీ పనులు. ఇవి నెలరోజులు సరిగ్గా చేసినోళ్లు తక్కువ.

డిగ్రీ_మాస్టారు | మే 11, ఉదయం 6:48

అమ్మాయ్, నేను ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను, మా డిపార్ట్‌మెంట్ ఇంటర్న్‌షిప్‌లు నా నెత్తినే ఉంటాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మన ఆంధ్రాలో 2020-21 నుంచి డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఫస్టియర్ అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ 4 క్రెడిట్లు, సెకండియర్ అయ్యాక నువ్వు అడుగుతున్న షార్ట్ టర్మ్ 4 క్రెడిట్లు, థర్డియర్‌లో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, దానికి 12. అంటే 20 క్రెడిట్లు క్లాస్‌రూమ్ బయటే ఉన్నాయి. ఇందులో ఏది తప్పినా డిగ్రీ ఆగుతుంది, కాబట్టి తేలిగ్గా తీసుకోకు.

క్రెడిట్లు హాస్పిటల్ ఇవ్వదు. ఇది చాలామందికి అర్థం కాదు. హాస్పిటల్ ఇచ్చేది మూడే, హాజరైనట్టు సర్టిఫికెట్, లాగ్‌బుక్‌లో సంతకాలు, నువ్వెలా పనిచేశావో ఒక ఎవాల్యుయేషన్ ఫారం. అవి తెచ్చి కాలేజీలో గైడ్‌కి ఇస్తే, రిపోర్టు, వైవా అయ్యాక మార్కులు యూనివర్సిటీకి వెళ్తాయి, క్రెడిట్లు వేసేది యూనివర్సిటీ. తర్వాత అవి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లోకి, అంటే నీ క్రెడిట్లు దాచే ఆన్‌లైన్ ఖాతాలోకి ఎక్కుతాయి, డిజిలాకర్‌లో చూసుకోవచ్చు. అందుకని నీ అపార్ ఐడీ (విద్యార్థి గుర్తింపు నంబరు)లో పేరు, కాలేజీ రికార్డులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకో. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి క్రెడిట్లు కనపడక నా దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్లు ఉన్నారు.

హాస్పిటల్‌కి వెళ్లకముందే నీ గైడ్ ఎవరో కాలేజీలో రాయించుకో. ముందు చేసేసి తర్వాత చూపిస్తాను అంటే కుదరదు. గైడ్ పేరు లేని ఇంటర్న్‌షిప్ కాలేజీ లెక్కలో ఉండదు.

మైక్రో_పిల్ల | మే 11, ఉదయం 9:20

మాస్టారూ చాలా థాంక్సండీ. మావయ్యగారూ మీకూ. లెటర్‌లో ఏం రాయించాలి? మా ప్రిన్సిపాల్ గారు నువ్వే డ్రాఫ్ట్ చేసి తీసుకురా సంతకం పెడతాను అన్నారు.

డిగ్రీ_మాస్టారు | మే 11, ఉదయం 11:02

కాలేజీ లెటర్‌హెడ్ మీద "సూపరింటెండెంట్ గారికి" అని మొదలుపెట్టు. నీ పేరు, గ్రూపు, హాల్‌టికెట్ నంబరు, ఏ సెమిస్టర్ అయ్యింది. ఇది ఉన్నత విద్యామండలి కరికులమ్‌లో తప్పనిసరి ఇంటర్న్‌షిప్ అని ఒక వాక్యం, 180 గంటలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, రోజుకి ఎన్ని గంటలు. ఏ విభాగంలో కావాలో స్పష్టంగా, క్లినికల్ ల్యాబ్, మైక్రోబయాలజీ సెక్షన్ అని. "పేషెంట్లపై ఎలాంటి ప్రొసీజర్ చెయ్యదు, హాస్పిటల్ నియమాలు, పేషెంట్ల వివరాల గోప్యత పాటిస్తుంది" అన్న వాక్యం మాత్రం మర్చిపోకు, ఆ ఒక్క వాక్యం చూసే చాలామంది ఒప్పుకుంటారు. స్టైపెండ్ అడగట్లేదని కూడా రాయి. చివర్లో గైడ్ పేరు, ఫోన్ నంబరు. మూడు కాపీలు తీసుకెళ్లి, ఒకదానిమీద ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకుని నీ దగ్గర పెట్టుకో.

ఏరియా హాస్పిటల్ అయితే సూపరింటెండెంట్. పీహెచ్‌సీలో చెయ్యాలంటే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఇవ్వాలి. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి అయితే వాళ్ల సొంత విద్యార్థులే బోలెడుమంది, అక్కడ నీకు మైక్రోస్కోప్ దొరకదు. నా సలహా ఏరియా హాస్పిటలే.

నైట్_రైడర్ | మే 11, మధ్యాహ్నం 2:15

అందరూ నీతులు బాగానే చెప్తున్నారు గానీ ఒక్క విషయం ఎవరూ మాట్లాడట్లేదు. 180 గంటలు ఊరికే పనిచెయ్యాలి కదా. నేను రాత్రి పూట ఫుడ్ డెలివరీ చేసి ఇంట్లో 8 వేలు ఇస్తాను. మా ఊరి నుంచి హాస్పిటల్‌కి 34 కిలోమీటర్లు. ఆడపిల్లలకి ఆర్టీసీ ఫ్రీ, మాకెవడిస్తాడు. రోజుకి రానుపోను ఛార్జీలు, మధ్యాహ్నం తిండి వేసుకోండి, 30 రోజులకి ఆ 6 వేలు దాటేస్తుంది. సర్టిఫికెట్ కొన్నవాడు దొంగ అంటున్నారు, కొనేలా చేసింది ఎవరు? నేను కొన్నాను, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

ల్యాబ్_మావయ్య | మే 11, మధ్యాహ్నం 3:40

తమ్ముడూ నిన్ను దొంగ అని ఎవరన్నారు. ఛార్జీల మాట నిజమే. మా దగ్గర చేసిన ఒక కుర్రాడు పొద్దున్న ఇటుక బట్టీలో పనిచేసి 11 గంటలకి వచ్చేవాడు, మేం సర్దుకున్నాం, 11 నుంచి 4 దాకా ఉండేవాడు. ఒకసారి అడిగి చూడాల్సింది నువ్వు. కానీ ఆ 6 వేలు తీసుకున్నవాడిని ఏమనాలో చెప్పు?

నైట్_రైడర్ | మే 11, మధ్యాహ్నం 3:52

వాడిని అనడానికి ఇక్కడ రాసే మాటలు కావు లెండి.

డిగ్రీ_మాస్టారు | మే 11, సాయంత్రం 5:10

రైడర్ చెప్పింది కొట్టిపారెయ్యలేను. ఊళ్లో ఉన్న పీహెచ్‌సీ, విలేజ్ హెల్త్ క్లినిక్ కూడా ఇంటర్న్‌షిప్‌కి పనికొస్తాయి, అది పిల్లలకి మేమే సరిగ్గా చెప్పట్లేదు. ల్యాబే కానక్కర్లేదు. ఏఎన్‌ఎంతో, ఆశా కార్యకర్తతో తిరిగి టీకాల రిజిస్టర్, గర్భిణుల హిమోగ్లోబిన్ రికార్డులు చూడ్డం కూడా ఆరోగ్య రంగమే. బస్సు ఛార్జీ ఉండదు. గైడ్ ముందే ఒప్పుకోవాలి, అదొక్కటే షరతు.

ఉద్దానం_వాడు | మే 11, రాత్రి 8:26

మాస్టారు చెప్పింది నేను చేసినాను, ఫస్టియర్ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి పక్క. కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే, కారణం ఏటన్నది ఇంకా తేలనేలేదు. వారం సర్వే, తర్వాత అవగాహన, తర్వాత మూడు వారాలు అసలు ప్రాజెక్టు, ఆఖర్న రిపోర్టు. మా బ్యాచోళ్లు చాలామంది పాత రిపోర్టు కాపీ కొట్టీసినారు. నేను మా ఊరే కదా అని ఆశా అక్కతో ఇల్లిల్లూ తిరిగినాను.

ఏటి చూసినానో చెప్తాను. ఫారంలో మొదటి ప్రశ్న వయసు. పెద్దోళ్లని వయసెంత తాతా అంటే ఎంతుంటాదో రాసీ బాబూ అంటారు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంత అంటే మాత్రం టక్కున నాలుగు పాయింట్ ఆరు అని చెప్తారు, దశాంశంతో సహా. ఒక మామ్మ తన రిపోర్టులన్నీ జీడిపప్పు సంచిలో పెట్టుకుని తేదీల వారీగా తీసి చూపించినాది, చదువు రాదు, కాగితం మడత బట్టి గుర్తు. నేను తొమ్మిదేళ్ల రిపోర్టులు నేల మీద పరిచి గ్రాఫ్ గీసినాను. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి మొదలెట్టినారు కదా, అంతకుముందు డయాలిసిస్‌కి వీళ్లు ఎంత దూరం పోయేవారో ఆ సంచిలో బస్సు టికెట్లు చూస్తే తెలిసిపోయినాది.

నాకు 4 క్రెడిట్లు వచ్చినాయి. కాపీ కొట్టినోళ్లకీ 4 వచ్చినాయి. అది వేరే మాట.

కరీంనగర్_పోరడు | మే 11, రాత్రి 9:47

మీరు నయం భయ్. మా దిక్కు తెలంగాణల డిగ్రీకి గిట్ల పది నెలలు కంపల్సరీ అని నేనైతే చూడలె. మా యూనివర్సిటీల ఆఖరి సెమ్‌ల ప్రాజెక్ట్ తీసుకుంటే 4 క్రెడిట్లు, లేకుంటే దాని బదులు ఇంకో పేపర్. అందరు పేపరే తీసుకుంటరు, గైడ్ బుక్ చదివితే అయిపోతది అని. నేను మొండికేసి ప్రాజెక్ట్ తీస్కున్న, ఒక హాస్పిటల్‌ల చెత్త మీద. నవ్వకుర్రి, బయోమెడికల్ వేస్ట్ మీద. 2016 రూల్స్ ప్రకారం పసుపు డబ్బాల రక్తం అంటిన దూది, శరీర భాగాలు, ఎర్రదాంట్ల ప్లాస్టిక్ ట్యూబులు, సిరంజిలు సూది లేకుంట, తెల్లదాంట్ల సూదులు, బ్లేడ్లు, నీలందాంట్ల గాజు సీసాలు. వార్డుల గోడకు పోస్టర్ మంచిగనే ఉంటది. రోజు పొద్దుగాల డబ్బాలు తెరిచి చూస్తే పసుపు దాంట్ల చాయ్ కప్పులు, అరటి తొక్కలు. ఆయమ్మలను అడిగితే "పేషెంటోళ్ల చుట్టాలు ఏస్తరు బిడ్డా, మేమేం జెయ్యాలె" అన్నరు. మస్తు నేర్చుకున్న. వాసన మాత్రం ఇంకా ముక్కుల ఉన్నది.

ఫార్మా_అక్క | మే 12, ఉదయం 10:30

ఈ థ్రెడ్ చూసి ఫార్మసీ పిల్లలు కన్‌ఫ్యూజ్ అవ్వకండి, మన లెక్క వేరు, ఫార్మసీ కౌన్సిల్ చూసుకుంటుంది. బీఫార్మ్‌లో ఆరో సెమ్ తర్వాత ఏడో సెమ్ మొదలయ్యేలోపు కనీసం 150 గంటలు, నాలుగు వారాల్లో, ఇండస్ట్రీ గానీ హాస్పిటల్ గానీ. డీఫార్మ్ అయితే 500 గంటలు, మూడు నెలలు తగ్గకుండా, అందులో 250 గంటలు మందుల చీటీ చూసి మందులివ్వడమే ఉండాలి. డీఫార్మ్ ట్రైనింగ్ చెయ్యకపోతే రిజిస్ట్రేషన్ రాదు, క్రెడిట్ల సంగతి తర్వాత.

మైక్రో_పిల్ల | మే 12, రాత్రి 9:15

ఇంకో డౌట్. మా సీనియర్ ఒకరు నేషనల్ లెవెల్‌లో ఒక క్రెడిట్ అంటే 30 గంటలు అన్నారు. మనకి 180 గంటలకి 4 అంటే ఒక్కో క్రెడిట్‌కి 45 గంటలు అయ్యింది కదా, మనకి తక్కువ ఇస్తున్నట్టా? ఇంకా ఇది చేస్తే తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ జాబ్‌కి అప్లై చెయ్యొచ్చా?

డిగ్రీ_మాస్టారు | మే 12, రాత్రి 10:01

లెక్క బాగానే వేశావు. యూజీసీ ఫ్రేమ్‌వర్క్‌లో ఇంటర్న్‌షిప్, ఫీల్డ్‌వర్క్‌కి సెమిస్టర్‌కి 15 వారాలు, వారానికి రెండు గంటలు, అలా ఒక క్రెడిట్‌కి 30 గంటలు. మన కరికులమ్ దాని కంటే ముందే తయారయ్యింది, మన దగ్గర 180కి 4 అన్నారు కాబట్టి 180 చెయ్యాల్సిందే. 120 చేసి యూజీసీ రూల్ చూపిస్తే నీ గైడ్ దండం పెట్టి పంపిస్తాడు.

ఉద్యోగం సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ల్యాబ్ టెక్నీషియన్ అవ్వాలంటే డీఎంఎల్‌టీ గానీ బీఎస్సీ ఎంఎల్‌టీ గానీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీలో డిప్లొమా, డిగ్రీ) చదివి, పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ అవ్వాలి. 180 గంటల సర్టిఫికెట్‌తో ఎవరైనా టెక్నీషియన్ ఉద్యోగం ఇస్తామంటే అక్కడ చేరకు. ఎమ్మెస్సీకి వెళ్లినప్పుడు ఇది పనికొస్తుంది, ఇంటర్వ్యూలో మాట్లాడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది.

అట్లాంటాలో_మనమ్మాయి | మే 13, ఉదయం 7:33

చదువుతుంటే నవ్వొస్తోంది, ఇక్కడా ఇదే రామాయణం, డాలర్లలో. నేను పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్, ఎంపీహెచ్. ఇక్కడ గుర్తింపు ఉన్న ఎంపీహెచ్ ఏదైనా కనీసం 42 క్రెడిట్లు, అందులో ఫీల్డ్‌లో పని చెయ్యడం తప్పనిసరి. మా స్కూల్లో అది 3 క్రెడిట్లు, 240 గంటలు. అంటే ఒక్కో క్రెడిట్‌కి 80 గంటలు, మీ 45 చూసి కుళ్లుకుంటున్నాను. ఇంకా అసలు విషయం, ఆ 3 క్రెడిట్లకి నేనే ఫీజు కట్టాలి. కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో ఉచితంగా పనిచేసి, ఆ ఉచిత పని చేసినందుకు యూనివర్సిటీకి డబ్బులు కట్టాను. మా నాన్నకి ఫోన్లో చెప్తే రెండు నిమిషాలు మాట్లాడలేదు.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది సీపీటీ, అంటే చదువుతుండగా పని చెయ్యడానికి అనుమతి. జీతం లేకపోయినా సరే పెట్టించుకోమంది మా ఇంటర్నేషనల్ ఆఫీసు. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా కాగితం) మీద సీపీటీ పడకుండా మొదటి రోజు పనికి వెళ్లకండి, వెళ్లాక పెట్టించుకుంటాం అంటే కుదరదు. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) పోతుంది, సమ్మర్ ఇంటర్న్‌షిప్‌తో అంతవరకు రాదు గానీ లెక్క పెట్టుకోండి.

ఇంకోటి, హాస్పిటల్ సైడ్ అయితే టీకాల కాగితాలు, టీబీ టెస్ట్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అడుగుతారు. మనకి చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కదా, చేతి మీద చేసే స్కిన్ టెస్ట్ దానివల్ల కూడా పాజిటివ్ రావచ్చు. నాకు అలాగే ఉబ్బి ఎక్స్‌రే దాకా వెళ్లింది, రెండు వారాలు పోయాయి. బ్లడ్ టెస్ట్ చెయ్యండి అని ముందే అడగండి.

ల్యాబ్_మావయ్య | మే 13, రాత్రి 8:50

టీకాల మాటొచ్చింది కాబట్టి, అమ్మా, హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా? మూడు డోసులు, మొదటిది వేశాక నెలకి ఒకటి, ఆరో నెలకి ఒకటి. ఇప్పుడు మూడూ అవ్వవు, కనీసం మొదలుపెట్టి రా.

సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలో కూడా రాసేస్తున్నా. రెండేళ్ల కింద ఒక పిల్లాడు వాడిన సూదికి తిరిగి క్యాప్ పెట్టబోయి వేలికి గుచ్చుకున్నాడు. భయంతో వేలు నోట్లో పెట్టుకున్నాడు, అది అన్నిటికంటే తప్పు. పిండకూడదు, చప్పరించకూడదు. సబ్బుతో, పారే నీళ్ల కింద కడుక్కుని వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా మందులు అవసరమని డాక్టర్ అంటే రెండు గంటల్లోపు మొదలెడితే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. వాడు మేం తిడతామని సాయంత్రం దాకా దాచాడు. దేవుడి దయవల్ల ఏం కాలేదు. నేను తిట్టేది దాచినందుకే.

ఫోన్ జేబులోనే ఉండాలి. ఒకమ్మాయి రిపోర్టుల పక్కన సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టింది, జూమ్ చేస్తే పేషెంటు పేరు, హెచ్‌ఐవీ రిజల్టు కనపడుతున్నాయి. దాని గోప్యతకి 2017లో చట్టమే ఉంది. ఆ రోజుతో ఆమె ఇంటర్న్‌షిప్ ఆఖరు.

మైక్రో_పిల్ల | మే 19, రాత్రి 9:40

అప్‌డేట్!! పర్మిషన్ వచ్చింది, ఏరియా హాస్పిటల్, పొద్దున్న 8 నుంచి 2 వరకు. సూపరింటెండెంట్ గారి రూమ్ బయట రెండు రోజులు కూర్చున్నా, మూడో రోజు లెటర్ చదివి ఆ "ప్రొసీజర్ చెయ్యదు" లైన్ కింద పెన్నుతో గీత గీసి సంతకం పెట్టారు. మాస్టారూ మీరు చెప్పినట్టే. హెపటైటిస్ మొదటి డోస్ కూడా అయ్యింది, చెయ్యి లాగుతోంది.

మైక్రో_పిల్ల | మే 27, రాత్రి 10:05

వారం అయ్యింది. ట్యూబుల రంగులు కలలోకొస్తున్నాయి. ఊదా రంగు మూత సీబీసీకి (రక్తకణాల లెక్క), బూడిద రంగు షుగర్‌కి, లేత నీలం పీటీకి (రక్తం గడ్డకట్టే సమయం), అది గీత వరకు నిండకపోతే పనికిరాదు. ఊదా ట్యూబ్‌ని మెల్లగా ఎనిమిది పదిసార్లు తిరగెయ్యాలి, నేను మొదటి రోజు షేక్ చేశాను, మేడమ్ "అది మజ్జిగ కాదు" అన్నారు.

నిన్న జరిగింది చెప్తాను. పొద్దున్న రష్‌లో పైడితల్లి అనే పేరుతోనే ఇద్దరు, ఇద్దరికీ షుగర్ టెస్టే. ఒకావిడకి 34 ఏళ్లు, ఒకావిడకి 61. ట్యూబ్ మీద నంబర్లు రాసేది నేనే. రిజల్ట్ 61 ఆవిడకి 94, 34 ఆవిడకి 286 వచ్చింది. రిపోర్ట్ ఇస్తుంటే ఆ పెద్దావిడ "నాకు షుగరు పదేళ్ల బట్టీ ఉన్నాది, తొంభై నాలుగు ఎప్పుడూ రానేదు" అంది. మేడమ్ ఒక్క క్షణం రిపోర్ట్ వైపు చూసి ఇద్దర్నీ కూర్చోబెట్టి మళ్లీ బ్లడ్ తీయించారు. నేను నంబర్లు తారుమారు చేశాను. ఎవరూ అరవలేదు, అరిచినా బాగుండేది. "పైడితల్లేనా అని అడక్కు, ఎవరైనా అవునంటారు, పేరు వాళ్లతోనే చెప్పించు, వయసు చెప్పించు, అప్పుడు రాయి" అన్నారు. లాగ్‌బుక్‌లో ఏం రాయాలో తెలీక "పేషెంట్ గుర్తింపు నేర్చుకున్నాను" అని రాశా.

ల్యాబ్_మావయ్య | మే 27, రాత్రి 10:48

తప్పు జరిగింది అనే రాయి, పేషెంట్ల పేర్లు లేకుండా. మీ మేడమ్ మంచావిడ.

బద్ధకరాజు | మే 27, రాత్రి 11:20

ఒప్పుకుంటున్నా, ఇది 6 వేలకి రాదు.

మైక్రో_పిల్ల | జూన్ 21, రాత్రి 8:33

ఇంకో తలనొప్పి. నిన్నటితో అయిపోయిందనుకుని సర్టిఫికెట్ తీసుకుని కాలేజీకి వెళ్తే గైడ్ సార్ లాగ్‌బుక్ ఒక్కో రోజూ కూడారు. రోజుకి 6 గంటలు, సంతకాలున్న రోజులు 28. అంటే 168. మధ్యలో ల్యాబ్ సెలవున్న రెండు రోజులు నేను లెక్కలో వేసేసుకున్నా. 12 గంటలు తక్కువ! సర్ రౌండ్ ఫిగర్ చెయ్యండి అంటే నవ్వారు. మళ్లీ రెండు రోజులు వెళ్లాలి, సర్టిఫికెట్ మీద తేదీ కూడా మార్చాలి.

డిగ్రీ_మాస్టారు | జూన్ 21, రాత్రి 9:00

మీ గైడ్‌కి నా నమస్కారాలు చెప్పు. అలా కూడేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు.

మైక్రో_పిల్ల | జూన్ 24, సాయంత్రం 6:12

రెండు రోజులూ అయ్యాయి, మేడమ్ నాకు గళ్ల (కఫం) స్లయిడ్లు అప్పజెప్పారు, టీబీవి. కార్బాల్ ఫ్యూక్సిన్ పోసి కింద నుంచి వేడి చెయ్యడం, ఆవిరి రావాలి గానీ మరగకూడదు, తర్వాత యాసిడ్, తర్వాత మిథిలీన్ బ్లూ. నాలుగో స్లయిడ్‌లో నీలం మీద సన్నగా ఎర్ర గీతలు, టీబీ బ్యాక్టీరియా. పుస్తకంలో బొమ్మ లాగానే, కానీ అది ఒకరి గళ్ల. మేడమ్‌ని పిలిచా, ఆవిడ చూసి 100 ఫీల్డులు లెక్కపెట్టమన్నారు. 23 వచ్చాయి, అంటే వన్ ప్లస్, టీబీ పాజిటివ్. ఆవిడ మళ్లీ లెక్కపెట్టుకుని రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో రాశారు. ఆ పేషెంట్ బయట బెంచీ మీద కూర్చుని బన్ తింటున్నాడు, నా తమ్ముడి వయసు.

ఉద్దానం_వాడు | జూన్ 24, రాత్రి 7:40

మందులు ఆరు నెలలు వాడితే తగ్గిపోతాదిలే చెల్లీ. నిక్షయ్‌లో (టీబీ పేషెంట్ల గవర్నమెంట్ పోర్టల్) ఎక్కించినాక తిండికని నెలకి వెయ్యి రూపాయలు కూడా వస్తాయి, ముందు 500 ఉండేది, 2024 నవంబరు నుంచి పెంచినారు.

మైక్రో_పిల్ల | ఆగస్టు 30, రాత్రి 9:55

వైవా అయిపోయింది, మార్కులూ వచ్చాయి. నాకు 88. 6 వేలు కట్టి ఇంట్లో కూర్చున్న మా ఫ్రెండ్‌కి 90. రిపోర్ట్ స్పైరల్ బైండింగ్ కలర్‌లో చేయించింది. ఎవరూ ఏం మాట్లాడకండి.

నైట్_రైడర్ | ఆగస్టు 30, రాత్రి 10:02

😂😂 నాకు 71, కొన్నా కూడా.

కరీంనగర్_పోరడు | ఆగస్టు 30, రాత్రి 10:20

గా 2 మార్కులు బైండింగ్‌వి, ఫికర్ జెయ్యకు.

ల్యాబ్_మావయ్య | ఆగస్టు 31, ఉదయం 7:15

థర్డియర్‌లో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ ఉంది కదా, 12 క్రెడిట్లు. మళ్లీ అక్కడికే వెళ్తావా?

మైక్రో_పిల్ల | ఆగస్టు 31, ఉదయం 8:40

మేడమ్‌ని అడిగేశా మావయ్యగారూ. "లెటర్ తెచ్చుకో, హెపటైటిస్ మూడో డోస్ అయ్యాకే రా" అన్నారు. అది నవంబర్‌లో.

కొత్తగా_చేరా | సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 1:08

సేమ్ డౌట్ బ్రో, ఇంత పెద్ద థ్రెడ్ చదివే ఓపిక లేదు, ఎవరైనా లెటర్ ఫార్మాట్ పెట్టండి అర్జెంట్.

బద్ధకరాజు | సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 1:30

పైన మాస్టారు రెండో పోస్ట్‌లో ఉంది తమ్ముడూ. నేనే మొత్తం చదివాను, నీకేంటి.